గబ్బిలం రెక్క – మన గుట్టలు

 

ఈ సభ మన జీవశాస్త్రం సారు జ్ఞాపకార్థం. ఈ హాలులో ఉన్నవాళ్లలో సగం మందికి ఆయన పాఠం చెప్పారు. మిగతా సగం మంది ఆయన మాటలు తమ అమ్మానాన్నల నోట వినే ఉంటారు. ఒక జంతువును చూపించి పేరు చెప్పమని అడిగే అలవాటు ఆయనకు లేదు. దాని పన్ను చూపించి, కాలు చూపించి, ముక్కు చూపించి ‘ఇది ఏం తిని బతుకుతుందో చెప్పు’ అని అడిగేవారు. ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు అదే పద్ధతిలో ఒక అవయవాన్ని పట్టుకుని మాట్లాడాలనుకున్నాను. రెక్కను ఎంచుకున్నాను. అందులోనూ ముఖ్యంగా గబ్బిలం రెక్కను.

రెక్కను చదవడం వస్తే ఆ ప్రాణి ఎక్కడ తిరుగుతుందో, ఎంత వేగంగా పోతుందో, ఎక్కడి నుంచి గాలిలోకి లేస్తుందో చెప్పొచ్చు. ఇంకొక అడుగు ముందుకు వేస్తే, ఉమ్మడి నల్లగొండలో, ఉమ్మడి పాలమూరులో మనం నేలకు చేస్తున్న మార్పుల్లో ఏది దాన్ని లేకుండా చేస్తుందో కూడా చెప్పొచ్చు. నేను చెప్పాలని వచ్చింది ఈ రెండో సంగతి. మొదటిది తెలిస్తే గానీ రెండోది పట్టుబడదు కాబట్టి కొంచెం లెక్కతో మొదలుపెడతాను. లెక్క కష్టమైనది కాదు.

1913లో లండన్‌లో ‘యానిమల్ ఫ్లైట్’ అనే పుస్తకం వెలువడింది. రాసినవారు ఇ.హెచ్. హాంకిన్. ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా పనిచేసిన ఇంగ్లీషు శాస్త్రవేత్త. గంగా యమునల నీళ్లలో కలరా క్రిములను చంపే గుణం ఏదో ఉందని 1896లో రాసింది ఈయనే. ఆ పని వైద్య చరిత్రలో నిలిచింది. పక్షుల పని మాత్రం అంతగా ఎవరికీ గుర్తులేదు. నాకు అదే ఎక్కువ ఇష్టం. గద్దలను, రాబందులను, గబ్బిలాలను, తూనీగలను ఉత్త కళ్లతో, ఎంతో ఓపికతో చూసి రాసుకున్నారు. ఆయన గమనించిన వాటిలో ఒకటి మీరూ మీ డాబా మీద నిలబడి చూడొచ్చు. పొద్దెక్కి నేల వేడెక్కే కొద్దీ గాలి పైకి లేస్తుంది. ఆ గాలి మీద రెక్కలు ఆడించకుండా తేలడం మొదట గద్దలు మొదలుపెడతాయి. రాబందులు ఆ తర్వాత గానీ పైకి రావు. రోజూ అదే వరస.

గద్ద తేలిక, రాబందు బరువు అంటే సరిపోదు. బరువు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. దమ్ము చేసిన మడిలో ఉత్త కాళ్లతో నిలబడితే పిక్కల దాకా దిగబడతాం. అదే మనిషి అదే మడిలో వెడల్పాటి పలక మీద నిలబడితే అంతగా దిగబడడు. మనిషి బరువు మారలేదు, ఆ బరువు పరుచుకున్న చోటు పెరిగింది. గాలిలోనూ ఇంతే. ప్రాణి బరువును దాని రెక్కల వైశాల్యంతో భాగిస్తే వచ్చేదాన్ని రెక్క భారం అందాం. రెక్క భారం తక్కువైతే నెమ్మదిగా ఎగిరినా పడిపోదు, చిన్న చోటులో మలుపు తిరగగలదు, నోట బరువు కరుచుకుని కూడా లేవగలదు. ఎక్కువైతే వేగంగా పోక తప్పదు. ఆగితే పడిపోతుంది. పొద్దుటి బలహీనమైన గాలి గద్దను మోస్తుంది, రాబందును మోయలేదు. హాంకిన్ చూసిన వరసకు కారణం ఇదే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక పక్షిని అదే ఆకారంలో, అన్ని కొలతలూ రెట్టింపు చేసి ఊహించుకోండి. రెక్కల వైశాల్యం 4 రెట్లు అవుతుంది. బరువు 8 రెట్లు అవుతుంది. అంటే రెక్క భారం రెట్టింపు. గాలిలో నిలవడానికి కావలసిన వేగం రెక్క భారపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది సుమారు 1.4 రెట్లు వేగంగా ఎగరాలి. అందుకే పెద్ద ప్రాణులు చిన్నవాటి నమూనాతో బతకలేవు. సైజు పెరిగే కొద్దీ రెక్క ఆకారం మారాలి, లేదా బతుకు మారాలి.

రెండో కొలత రెక్క సన్నదనం. రెక్కలు పూర్తిగా చాపినప్పుడు ఈ కొన నుంచి ఆ కొనకు ఉన్న పొడవును దానితోనే హెచ్చించి, రెక్కల వైశాల్యంతో భాగించాలి. సన్నగా పొడుగ్గా ఉన్న రెక్కకు పెద్ద అంకె వస్తుంది, పొట్టిగా వెడల్పుగా ఉన్నదానికి చిన్న అంకె వస్తుంది. దక్షిణ సముద్రాల్లో తిరిగే ఆల్బట్రాస్ పక్షి రెక్కల పొడవు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. దాని అంకె 15 దరిదాపుల్లో ఉంటుంది. ఎగిరే ప్రతి రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొన దగ్గర చుట్టు తిరిగి పైకి ఎక్కాలని చూస్తుంది. అక్కడ సుడి లేస్తుంది, ఆ సుడిలో ప్రాణి శక్తి వృథాగా పోతుంది. రెక్క పొడుగ్గా ఉంటే మొత్తం రెక్కలో ఆ కొన వాటా తగ్గుతుంది, దండుగ తగ్గుతుంది. ఇంత లాభమున్నప్పుడు అన్నిటికీ పొడుగు రెక్కలే ఎందుకు లేవు? తుమ్మ కంపల మధ్య, చింతచెట్టు కొమ్మల మధ్య పొడుగు రెక్క ఆడించడానికి చోటు ఉండదు కాబట్టి. సన్న రెక్క బయలులో బతకడానికి, వెడల్పు రెక్క ఇరుకులో బతకడానికి. నేను ఈ రోజు చెప్పేదంతా ఈ మాట చుట్టూ తిరుగుతుంది.

గబ్బిలాల విషయంలో ఈ రెండు కొలతలనూ, రెక్క కొన గుండ్రమా మొనదేలినదా అన్న మూడో కొలతనూ కలిపి చూసినవారు ఇద్దరు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉల్లా నార్‌బెర్గ్, ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌కు చెందిన జెరెమీ రేనర్. 1987లో రాయల్ సొసైటీ పత్రికలో వాళ్లు అచ్చు వేసిన వ్యాసంలో రెండు వందలకు పైగా జాతుల కొలతలున్నాయి. గబ్బిలం ఏం తింటుందన్నది దాని రెక్క కొలతల్లో కనిపిస్తుందని ఆ వ్యాసం చూపించింది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు నేటికీ దాన్ని పక్కన పెట్టుకునే మొదలుపెడతారు.

గబ్బిలం రెక్క అసలు ఎలా తయారైందో కూడా ఒకసారి చూద్దాం. వెన్నెముక ఉన్న ప్రాణుల్లో రెక్క కొట్టి ఎగరడం మూడు సార్లు, మూడు వేర్వేరు దారుల్లో వచ్చింది. మొదటివి టెరోసార్లు. డైనోసార్ల కాలంలో ఆకాశంలో తిరిగిన సరీసృపాలు. వాటికి నాలుగో వేలు ఒక్కటే విపరీతంగా పెరిగి చర్మపు తెరను మోసింది. అలాంటి ఒక ప్రాణి ఎముకలు మన ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా రాళ్లలో దొరికాయని 1974లో ఎస్.ఎల్. జైన్ ప్రకటించారు. రెండోవి పక్షులు. వాటి వేళ్లు కుదించుకుపోయి కలిసిపోయాయి, ఎగిరే పని ఈకలు తీసుకున్నాయి. మూడోవి గబ్బిలాలు. అవి బొటనవేలిని మాత్రం పట్టుకోవడానికీ పాకడానికీ వదిలేసి, మిగతా నాలుగు వేళ్లనూ పొడుగ్గా చాపి, వాటి మధ్య, ఒంటి పక్కన, కాళ్ల దాకా పలుచటి చర్మం పరిచాయి. మన అరచేయి, వాటి రెక్క ఒకే ఎముకల వరస. అవి మనలాగే పిల్లల్ని కని పాలిచ్చే జంతువులు. ప్రపంచంలో 1,400కు పైగా జాతులున్నాయి, పాలిచ్చే జంతు జాతుల్లో అయిదో వంతు.

పక్షి ఈకను విదిలించి రెక్క ఆకారం కొంత మార్చగలదు. గబ్బిలం మార్చినంతగా కాదు. గబ్బిలం ప్రతి వేలి కణుపునూ విడివిడిగా వంచగలదు. చిటికెన వేలును కిందికి వంచితే రెక్క మధ్య గుంట లోతవుతుంది, నెమ్మదిగా ఎగురుతూనే ఎక్కువ బరువు మోస్తుంది. చర్మపు తెర లోపల సన్నటి కండరాలున్నాయి. అవి ఏ ఎముకనూ కదిలించవు, తెర బిగువును మాత్రమే సవరిస్తాయి. తెర మీద కంటికి కనిపించనంత చిన్న వెంట్రుకలున్నాయి. 2011లో అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ వెంట్రుకలను తీసేసి చూశారు. గబ్బిలాలు ఎగిరాయి గానీ మునుపటి కంటే వేగంగా పోయాయి, మలుపులు పెద్దగా తిరిగాయి. గాలి రెక్క మీద ఎలా పారుతోందో ఆ వెంట్రుకలు చెబుతున్నాయన్నమాట. 2008లో స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయం బృందం పూలతేనె తాగే ఒక గబ్బిలాన్ని పొగమంచు లాంటి గాలిలో ఎగరనిచ్చి సుడులను కొలిచింది. నెమ్మదిగా ఎగిరేటప్పుడు రెక్క ముందంచు మీద ఒక సుడి అంటుకుని ఉంటోంది. మొత్తం ఎత్తుడు బలంలో 40 శాతం దాకా ఆ సుడి నుంచే వస్తోంది. అప్పటిదాకా అది పురుగుల విద్య అనుకున్నారు.

పురుగులంటే తూనీగ గుర్తుకొస్తుంది. వానాకాలంలో మన చేల మీద గుంపులుగా, వాలకుండా తిరిగే పసుపు తూనీగ వెనక రెక్క మొదలు బాగా వెడల్పుగా ఉంటుంది. గాలి మీద తేలడానికి అది అనువు. ఇవి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త సూచించారు. ఇక కౌజు పిట్ట సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. పొట్టి గుండ్రటి రెక్కలు, బరువైన ఒళ్లు. కాలి దగ్గర నుంచి బుర్రున లేచి కొద్ది దూరం పోయి మళ్లీ పొదలో పడుతుంది. దాని రెక్క ఒక్క క్షణం ప్రాణం కాపాడడానికే ఉంది, ప్రయాణానికి కాదు.

పక్షుల్లో నేను ఇంకొకదాని గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే అది నల్లగొండ తాళ్లకు కట్టుబడిన పక్షి. తాటిచెట్ల చుట్టూ పొద్దస్తమానం సన్నగా కీచుమంటూ కొడవలి ఆకారపు రెక్కలతో తిరిగే చిన్న పిట్ట, ఇంగ్లీషులో పామ్ స్విఫ్ట్ అంటారు. తినడం గాలిలోనే, నీళ్లు తాగడం గాలిలోనే. రెక్క అంత సన్నగా, అంత పొడుగ్గా చెక్కుకుపోయింది, కాళ్లు మాత్రం పట్టుకుని వేలాడడానికే తప్ప నడవడానికి పనికిరావు. తాటాకు అడుగున దూదినీ ఈకలనూ ఉమ్మితో అంటించి గూడు కట్టుకుంటుంది. కల్లు గీసే గౌడన్నలు దాన్ని రోజూ చూస్తారు. తాడు లేకపోతే ఆ పిట్టకు వేప మీద గూడు కట్టడం రాదు.

ఇప్పుడు మన గబ్బిలాల దగ్గరికి వస్తాను.

1980ల తొలి ఏళ్లలో జర్మనీ శాస్త్రవేత్త గెర్హార్డ్ నాయ్‌వైలర్, ఆయన సహచరులు మదురైలో, అక్కడి కామరాజ్ విశ్వవిద్యాలయం వారితో కలిసి, ఒకే ప్రాంతంలో బతికే గబ్బిలాలు రాత్రి ఆకాశాన్ని ఎలా పంచుకుంటాయో చూశారు. మదురై నేల కూడా మన నేల లాంటిదే. రాతి గుట్టలు, చెరువులు, తాళ్లు, పాత గుళ్లు. అక్కడ తిరిగే జాతుల్లో చాలావరకు మన దగ్గరా ఉన్నవే. అందుకే ఆ పని మనకు దగ్గరిది. వాళ్లు చూసింది ఏమిటంటే, ఆకాశం అంతస్తులుగా పంచి ఉంది. ఏ అంతస్తు ఎవరిదన్నది రెక్కా గొంతూ కలిసి నిర్ణయిస్తున్నాయి.

పై అంతస్తు తోక బయటికి పొడుచుకొచ్చిన తోక గబ్బిలాలది, సమాధి గబ్బిలాలది. చెట్ల తలలకు చాలా పైన, అడ్డం లేని బయలులో వేటాడతాయి. రెక్కలు సన్నగా, పొడుగ్గా, కొనలు మొనదేలి ఉంటాయి. నేను చెప్పిన రెండో కొలతలో తోక గబ్బిలాల కుటుంబానికి 8, 9 అంకెలు వస్తాయి. రెక్క భారం ఎక్కువ, కాబట్టి వేగం ఎక్కువ. వేగంగా పోయేవాడికి దూరం నుంచే ఎర తెలియాలి. అందుకని వీటి కూతలు తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి, తోక గబ్బిలం కూత 20 కిలోహెర్ట్జ్‌కు దగ్గరగా ఉంటుంది. సన్నటి కూత గాలిలో తొందరగా ఆరిపోతుంది, లావు కూత దూరం పోతుంది. ఈ రెక్కకు ఒక పెద్ద ఇబ్బంది ఉంది. చదును నేల మీద పడితే పైకి లేవడం కష్టం. ఎత్తు నుంచి కిందికి పడుతూ వేగం అందుకుంటే తప్ప గాలి దాన్ని మోయదు. కాబట్టి వీటికి ఎత్తయిన రాతి పగులు కావాలి, దాని ముందు ఖాళీ కావాలి. భువనగిరి ఏకశిల లాంటి గుండు, దేవరకొండ, కోయిలకొండ కోట గోడల లాంటి ఎత్తు అలాంటి రెక్కకు తగిన చోట్లు.

మధ్య అంతస్తు చెట్ల అంచులది, వీధి దీపాల చుట్టుపక్కలది. ఇళ్ల పెంకుల కింద, గోడ పగుళ్లలో ఉండే బొటనవేలంత గబ్బిలాలు ఇక్కడ తిరుగుతాయి. రెక్క మధ్యస్థం, గొంతు మధ్యస్థం, బతుకూ అంతే. ఎక్కడైనా సర్దుకుంటాయి. నగరాల్లో కూడా మిగిలేవి ఇవే.

కింది అంతస్తు ఆకుముక్కు గబ్బిలాలది. వీటి కోసమే నేను ఇంత దూరం వచ్చాను. రెక్కలు పొట్టిగా, వెడల్పుగా, కొనలు గుండ్రంగా ఉంటాయి. రెండో కొలత 6 చుట్టూ తిరుగుతుంది. కొమ్మల మధ్య, పొదల పక్కన, బావి లోపల, గుడి మండపంలో ఏ గోడనూ తాకకుండా తిరుగుతాయి. ఒక్క మూర చోటులో వెనక్కి మళ్లగలవు. మన దగ్గర బాగా కనిపించే ఒక జాతి కూత 130 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. కొన్ని మీటర్లకు మించి ఆ కూత పనిచేయదు. ఇరుకులో ఎగిరే నెమ్మది రెక్కకు అంతకంటే అవసరం లేదు. ఆకు మీద వాలిన పురుగు రెక్క అల్లాడితే ఆ అల్లాటను కూడా ఆ కూత పట్టి తెస్తుంది.

అన్నిటికంటే కింద, నేలకు మూరెడు ఎత్తున, పెద్ద చెవుల గబ్బిలం తిరుగుతుంది. బరువు 40 నుంచి 60 గ్రాములు. రెక్కలు చాలా వెడల్పు, రెక్క భారం తక్కువ. దాదాపు కూయకుండా, చెవులు రిక్కించి ఎండాకు మీద అలికిడి విని కప్పనో, బల్లినో, ఎలుక పిల్లనో, చిన్న పిట్టనో నేల మీదే పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని నోట కరుచుకుని నేల మీద నుంచే నేరుగా పైకి లేస్తుంది. పై అంతస్తు గబ్బిలానికి ఇది అసాధ్యం. ఎరను గూటికి తెచ్చుకుని తింటుంది. పాడుబడిన గుళ్లో నేల మీద కప్ప కాళ్లు, పిట్ట ఈకలు రాలి ఉంటే పైన ఇది ఉందని అర్థం. రక్తం తాగుతుందని కొందరు భయపడతారు. మన దేశంలో రక్తం తాగే గబ్బిలం లేదు, అవి అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి.

పండ్లు తినే గబ్బిలాలు మరో దారి. వాటిలో చిన్నది, కుక్కమూతి గబ్బిలం, జామచెట్టు దగ్గర క్షణం సేపు గాలిలో నిలిచి కాయను కోసుకుని, ఇంకో చెట్టు మీదికి తీసుకుపోయి తింటుంది. రెక్క అందుకే వెడల్పు. పగలు తాటి మట్టల కింద, ఎండి వేలాడే ఆకుల నీడన ఉంటుంది. పెద్దది మనం మర్రిచెట్ల మీద తలకిందులుగా చూసేది. రెక్కలు చాపితే మీటరుంబావు, ఒక్కోసారి మీటరున్నర. బరువు కిలోన్నర దాకా ఉంటుంది. సైజు వల్ల రెక్క భారం పెరిగిపోయింది, కాబట్టి ఇరుకులో తిరగలేదు. కొమ్మ వదిలి పడడానికి కింద ఖాళీ ఉన్న ఎత్తయిన చెట్టు, రాత్రికి పదుల కిలోమీటర్ల ప్రయాణం, ఎండల్లో కడుపు తడుపుకోవడానికి దగ్గరలో చెరువు, ఇవి దాని అవసరాలు. చెరువు మీద నుంచి ఎగురుతూ పొట్టను నీళ్లకు తాకించి, తర్వాత ఆ తడి నాక్కుంటుంది. నీటి ఒడ్డున దిగి తాగి లేవడం ఆ రెక్కకు చాలా కష్టం.

మర్రి, రావి గింజలను దూరాలకు మోసేది పక్షులూ ఈ గబ్బిలాలే. పాలమూరు పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లు అంటారు. 2018లో దాని కొమ్మలకు చెదలు పడితే సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించుకున్నాం, మంచి పని చేశాం. మర్రి పిల్ల ఊరు దాటాలంటే మాత్రం రెక్కలున్నవాడి కడుపులో ప్రయాణం చేయాలి. అమ్రాబాద్ అడవిలో చెంచులు ఏరుకునే ఇప్పపువ్వును రాత్రి గబ్బిలాలు కూడా తింటాయి. ఇప్ప గింజను అడవి నలుమూలలకూ చేర్చేదాంట్లో వాటిదీ ఒక చేయి. అలాంటి జంతువును 1972 వన్యప్రాణి చట్టం చీడ జంతువుల జాబితాలో పెట్టింది, ఎవరైనా చంపే వీలుండేది. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. యాభై ఏళ్లు పట్టింది.

ఇంతవరకు చెప్పినది పట్టుకుని ఇప్పుడు మన నేలను చూడండి.

గుట్టను కంకర చేస్తే పై అంతస్తు గబ్బిలానికి దూకే చోటు పోతుంది. సన్న రెక్కకు నేల మీద నుంచి లేవడం కష్టం కాబట్టి అది పొదల్లోకి మారి బతకలేదు. రోడ్డు వెడల్పు చేయడానికి మర్రిని కొడితే పెద్ద గబ్బిలానికి పడి లేచే ఎత్తు పోతుంది. హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు పోయే దారిలో వందలాది మర్రిచెట్ల కోసం పౌరులు ఏళ్ల తరబడి పోట్లాడింది నీడ కోసమే అనుకుంటే చాలదు. తాళ్లు నరికితే తాటి పిట్ట, కుక్కమూతి గబ్బిలం రెండూ పోతాయి. ఇక మోటబావులు. బోర్లు వచ్చాక మన రెండు జిల్లాల్లో ఎన్ని పాత బావులు ఎండిపోయి, చెత్తతో, మట్టితో పూడిపోయాయో రైతులకు నేను చెప్పనక్కర్లేదు. రాతి గోడలున్న లోతైన బావి లోపల చీకటి ఉంటుంది, చల్లదనం ఉంటుంది, గాలి కదలదు. ఆకుముక్కు గబ్బిలం పొట్టి రెక్కకు, కొద్ది మీటర్ల గొంతుకు తగిన ఇల్లది. బావి పూడ్చితే పది కిలోమీటర్ల అవతల ఇంకో చోటు ఉందిలే అనుకుంటాం. బయలు దాటి అంత దూరం పోయి వెతుక్కోవడం ఆ రెక్కకు చాలా భారం.

దీపాల సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో బ్రిటన్‌లో ఎమ్మా స్టోన్, ఆమె సహచరులు, చిన్న లాడం గబ్బిలాలు రోజూ రాత్రి పోయే పొదల వరసల పక్కన వీధి దీపాలు పెట్టి చూశారు. ఆకుముక్కు గబ్బిలాలకు దగ్గరి చుట్టాలవి, అదే పొట్టి వెడల్పు రెక్క. వెలుతురు పడగానే ఆ దారిలో రాకపోకలు పడిపోయాయి. నెమ్మదిగా ఎగిరేదాన్ని గుడ్లగూబ వెలుతురులో సులువుగా పట్టుకుంటుంది, అందుకే ఆ భయం అయి ఉండాలి. వేగంగా పోయే సన్న రెక్కల జాతులు అదే దీపం దగ్గరికి పురుగుల కోసం వస్తాయి. ఒకే దీపం ఒక రెక్కకు అన్నం పెట్టి ఇంకో రెక్క దారి మూస్తోంది. పాత గుడిని బాగుచేసేటప్పుడు గర్భగుడి వెనక చీకటి కొట్టులోకి కూడా ఫ్లడ్ లైటు పెడుతున్నారు. గుడికి వెలుగు కావాలి, కాదనను. ఆ వెనక గదికి అవసరం లేదు.

కొందరు రైతులు ‘ఇవి పోతే మాకేం?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వరికి సుడిదోమ ఏం చేస్తుందో సాగర్ ఎడమ కాలువ కింద పంట పెట్టే వాళ్లకు తెలుసు. థాయ్‌లాండ్‌లో తెల్లవీపు సుడిదోమ రాత్రిపూట ఎత్తున గాలిలో వలస పోతుంటే, అక్కడి తోక గబ్బిలాల్లో ఒక జాతి దాన్ని ఆ ఎత్తులోనే తింటోంది. ఆ ఒక్క జాతి వల్ల ఏటా సుమారు 2,900 టన్నుల వరి నష్టం తప్పుతోందని 2014లో లెక్కగట్టారు. మన తోక గబ్బిలాలు ఆ కుటుంబానివే, అదే సన్న రెక్క, అదే ఎత్తు. అంత ఎత్తున ఎగిరే దోమకు మందు కొట్టలేం. అక్కడికి పోగలిగిన రెక్క మాత్రమే దాన్ని తింటుంది.

ఒక జాతి పోయే అంచుకు వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే కోలారుకు వెళ్లాలి. కర్ణాటకలో ఉన్నా తెలుగు బాగా వినపడే జిల్లా, మన లాంటి గ్రానైటు గుట్టల నేల. అక్కడి ఆకుముక్కు గబ్బిలాన్ని 1994లో కాక్, భట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొత్త జాతిగా గుర్తించారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మొదట రెండు ఊళ్లలో కనిపించింది, హనుమనహళ్లి, తేరహళ్లి. తేరహళ్లిలో ఇప్పుడు లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వెళ్లి దాని మీద పనిచేసినవారు భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు. మన తెలంగాణ గబ్బిలాల గురించి కూడా మనకు తెలిసినదాంట్లో చాలా భాగం వీళ్లు సమకూర్చిందే. హనుమనహళ్లిలో ఒకే గుహ. అందులో రెండు వందల లోపు గబ్బిలాలు. చుట్టూ గ్రానైటు తవ్వకాలు జరిగాయి. 2016 నుంచి అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాలో ఉంది. గుహ పక్కన గుట్ట పగలగొడితే అవన్నీ లేచి మరో తాలూకాకు పోతాయని అనుకోవడానికి ఆ రెక్క ఒప్పుకోదు. ఒక జాతి మొత్తం ఒక క్వారీ లైసెన్సు మీద ఆధారపడే స్థితికి రావడం నన్ను నిద్రపోనివ్వని విషయం.

మన జిల్లాల్లో అలాంటి గుహ ఏదైనా ఉందా? ఇక్కడి బావులు, కోట గోడల పగుళ్లు, గుట్టల సందులు ఒక్కొక్కటిగా చూసిన పట్టిక మన ఏ బడిలోనూ లేదు. అందుకని విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. సారు ఉంటే ఆయనే ఇచ్చేవారు.

మీ ఊళ్లో ఒక పాత బావినో, గుడినో, గుండు పగులునో ఎంచుకోండి. లోపలికి దిగకండి, టార్చి వేయకండి, బయట కొంచెం దూరంలో పడమటి వెలుగుకు ఎదురుగా నిలబడండి. పొద్దు గూకేముందు నుంచి చీకటి పూర్తిగా పడేదాకా చూడండి. మొదటి గబ్బిలం ఏ నిమిషానికి బయటికి వచ్చిందో రాయండి. సన్న రెక్కల వేగపు జాతులు వెలుతురు ఉండగానే వస్తాయి, వాటిని డేగ పట్టుకోవడం కష్టం. వెడల్పు రెక్కల నెమ్మది జాతులు చీకటి ముదిరాక గానీ కదలవు. కాబట్టి గడియారమే మీకు రెక్క ఆకారం సగం చెబుతుంది. వచ్చింది నేరుగా ఆకాశంలోకి పోయిందా, పొదల వెంట వంకర తిరుగుతూ పోయిందా, నేలకు దగ్గరగా పోయిందా రాయండి. తేదీ రాయండి, ఊరు రాయండి, బావి ఎవరిదో రాయండి, అక్కడికి ఎంత దూరంలో కంకర క్రషర్ ఉందో, ఎంత దూరంలో వీధి దీపం ఉందో రాయండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అదే చోట అదే పని చేయండి. ఈ బడి సైన్సు ల్యాబులో దీనికోసం ఒక రిజిస్టరు పెట్టమని ప్రధానోపాధ్యాయులను అడిగాను, ఒప్పుకున్నారు. మొదటి పేజీలో గీతలు కొట్టి కాలమ్‌లు వేసి ఉంచాను. రేపటి నుంచి అది ల్యాబు బల్ల మీద ఉంటుంది.